కంకవ్వ నవ్వు

ఆ రోజు మాయముఖాల ఇంట్లో నలుగురు మనుషులు, ఒక గోరింక ఉన్నారు.

ఇంటి పెద్ద నీలాంబ. మరకతపురంలో అందరికీ ఆమె కషాయాలు కాచి ఇచ్చే మందుల ముసలమ్మ. వెనకగది తలుపు మూసుకుందంటే మాత్రం ఒక మనిషికి మరో మనిషి రూపం తొడిగే మంత్రగత్తె. రెండోవాడు ఆమె పెద్ద శిష్యుడు భల్లణుడు. గురువు తుమ్మినా ‘ఆహా, ఏం తుమ్ము!’ అనే రకం. మూడోవాడు కాంచనగిరి యువరాజు హేమకేతు. మాంత్రికుడు కరాళుడు అతని రాజ్యాన్ని మింగి, తండ్రిని చెరలో వెయ్యగా, గొల్లవాడి గొంగడి కప్పుకుని ఆ ఇంట తలదాచుకున్నాడు. గోరింక పేరు పింగళుడు. ఒకప్పుడు అతనూ మనిషే, నీలాంబ శిష్యుడే. ఆమె చేసిన ముఖానికి వంక పెట్టి, ఆ క్షణమే రెక్కలు మొలిచి పంజరంలో పడ్డాడు.

నాలుగో మనిషి కువలయ. ఆ ఇంట్లో ఎవరు లెక్కపెట్టినా చివరికి మిగిలిపోయేది, ఒక్కోసారి లెక్కలోకే రానిది ఆ పిల్లే. ఆమెను పెంచిన తాత సరస్సు మీద పడవ నడిపేవాడు. వరదలో పడవా పోయింది, తాతా పోయాడు. ఆ వానాకాలం నుంచి కువలయ ఇక్కడే మట్టి పిసుకుతూ, తుమ్మజిగురు కాస్తూ ఉండేది. ఎవరైనా పలకరిస్తే మాట గొంతులోనే ఆగిపోయేది. ఆగిపోతుందని తెలిసి, పలకరించడమే మానేశారు.

వెనకగది చూసి తీరవలసిన చోటు. నేల నుంచి కప్పు దాకా గూళ్లు, ప్రతి గూట్లో ఒక ముఖం. బూరుగు దూదితో, బంకమట్టితో, జిగురుతో చేసిన రాజులూ, మంత్రులూ, వర్తకులూ, దొంగలూ. పైన కిటికీలోంచి వెలుగు పడితే వాటి చెంపల మీద రక్తం పారుతున్నట్టే ఉండేది. గూళ్లకు ఎదురుగా నీలాంబ పీట, పీట ముందు ఆమె కంచుటద్దం. అన్ని ముఖాల మధ్య పొద్దస్తమానం పని చేసినా కువలయతో మాట్లాడిన ముఖం ఒక్కటీ లేదు.

ఆ రోజు పీట మీద ఉన్నది కంకవ్వ ముఖం. కరాళుడికి పాలిచ్చి పెంచిన దాది ఆమె. సరస్సు నడుమ కరాళుడి కోటలో, నల్ల బురుజులో చెరలో ఉన్న రాజుగారికి కూడు మోసుకెళ్లేది ఆమె ఒక్కతే. కావలి భూతాలు కూడా ఆమెను చూసి పక్కకు తప్పుకునేవి. ఒడ్డుకు స్నానానికి వచ్చిన ఆమెకు యువరాజు మనుషులు తమలపాకుల్లో నిద్రమందు పెట్టారు. ఇప్పుడు రెల్లుదుబ్బుల్లో గుర్రుపెడుతోంది. దీపాలు పెట్టేవేళకు లేస్తుంది. ఆలోగా ఆమె రూపంలో బురుజు చేరి రాజును తప్పించకపోతే, తెల్లారితే కరాళుడు ఆయన తల తీసి కాళికి బలిపెడతాడు.

ముఖం పూర్తయింది. నీలాంబ దాన్ని పైకెత్తి, ఆచారం ప్రకారం ముగ్గురినీ అడిగింది. “చూశారా?”

“చూశాం. నిండుగా ఉంది” అన్నారు ముగ్గురూ. కువలయ కూడా అంది, నిజంగానే నిండుగా ఉంది కాబట్టి.

ఆ ప్రశ్నకు ఇంకో జవాబు చెప్పినవాళ్లు ఆ ఇంట లేరు. కారణం పింగళుడు ఒక్కడే కాదు. ఆ విద్యలో ఒక కట్టుబాటు ఉంది. పూర్తయిన ముఖంలో ఎవరైనా లోపం చూపితే దిద్దవచ్చు. కాని దిద్దిన ముఖం ఆ లోపం చూపినవాళ్లకు తప్ప మరెవరికీ అంటుకోదు. చూపినవాళ్లే దాన్ని తొడుక్కుని, అది ఏ పని కోసం పుట్టిందో ఆ పనికి వెళ్లాలి. మాయముఖాలన్నీ వెళ్లేది పులినోటికే. ఇక ఎవరు చూపుతారు?

ఇంతలో వీధి తలుపు దబదబా మోగింది.

“తలుపు తియ్యవే మందుల ముసలీ! గొల్లవాడొకడు ఈ వీధిలోకి దూరాడట!”

కరాళుడి దళపతి ఉగ్రబాహు గొంతు అది. దాక్కునే వ్యవధి లేదు. నీలాంబ చటుక్కున ముఖాన్ని హేమకేతుకు తొడిగి, మంత్రం ఊది, మీద ఒక దుప్పటి కప్పింది. రెప్పపాటులో ఆరడుగుల యువరాజు నడుం వంగి, జుట్టు నెరిసి, చేతుల మీద నరాలు తేలి కంకవ్వ అయిపోయాడు. నీలాంబ అతణ్ని ముందుగదిలోకి లాగి వెనకగది తలుపు మూసింది. భల్లణుడు గొంగడిని పొయ్యిలో కుక్కాడు. తలుపు విరిగినంత పనై, ఉగ్రబాహు ముగ్గురు భటులతో లోపలికొచ్చాడు. వాడి మీసాలు గుమ్మానికి రెండువైపులా రాసుకున్నాయి.

ఎదురుగా కంకవ్వ! గండ్రగొడ్డలి దానంతటదే కిందికి దిగింది.

“అవ్వా! నువ్వా? ఇక్కడేం పని?”

“కాళ్లనొప్పిరా. మందుకొచ్చాను. నువ్వు తలుపులు విరగ్గొడుతుంటే నొప్పి తలకెక్కింది” అన్నాడు యువరాజు, అచ్చం ముసలిదాని గరగర గొంతుతో.

ఉగ్రబాహు పళ్లికిలించాడు. “నీకు కాళ్లనొప్పా? కోటలో మా అందరి కాళ్లూ విరగ్గొట్టేది నువ్వే గదా!”

భటులు నవ్వారు. నవ్వకపోతే బాగుండదని నీలాంబా నవ్వింది, యువరాజూ నవ్వాడు.

అప్పుడు చూసింది కువలయ. పొయ్యి దగ్గర జిగురుచట్టి దించుతూ చూసింది. నీలాంబ నవ్వితే గడ్డం పైకి లేస్తుంది, కుడి కనుబొమ ఒక్కటే ఎగురుతుంది, ఏదో గుర్తొచ్చినట్టు నవ్వు మధ్యలో తెగిపోతుంది. కంకవ్వ గడ్డం కూడా పైకి లేచింది. కుడి కనుబొమ ఒక్కటే ఎగిరింది. నవ్వు మధ్యలో తెగిపోయింది. రెండు ముఖాల మీద ఒకటే నవ్వు.

ఉగ్రబాహు నవ్వు ఆగింది. నొసలు ముడిపడింది. కంకవ్వను చూశాడు. మెల్లగా తల తిప్పి నీలాంబను చూడబోయాడు.

కువలయ చట్టి వదిలేసింది.

మరిగే జిగురు ఉగ్రబాహు పాదాల మీద పడింది. వాడు పెట్టిన కేకకు పంజరం ఊగిపోయింది. ఎగరబోతే చెప్పులు నేలకు అంటుకుపోయాయి. చెప్పులు వదిలేసి దూకితే చట్టిపెంకు మడమకు అంటుకుంది. “నీళ్లు! నీళ్లు! చచ్చానురోయ్!” అంటూ కువలయ చెంప మీద ఒక్కటి కొట్టి బావి దగ్గరికి గెంతాడు. భటులు ముగ్గురూ వాణ్ని ఎత్తుకుని, పెంకుతో సహా, కోట వైద్యుడి దగ్గరికి పరుగెత్తారు.

వీధి సద్దుమణిగాక నీలాంబ మాయముఖాన్ని యువరాజు నుంచి ఊడదీసి, కువలయ మీద విరుచుకుపడింది.

“నీ చేతులు పడిపోనూ! కొంప ముంచేదానివి గదే!”

“చట్టి పట్టుకోవడం కూడా రాదు దీనికి” అన్నాడు భల్లణుడు. “అమ్మా, ముఖం మాత్రం దివ్యం! వాళ్లు చచ్చినా కనిపెట్టలేకపోయారు.”

నీలాంబ ముఖం వికసించింది. “చూశావా యువరాజా! మూడేళ్ల కిందట నా కొడుకు సోముడు ఇలాగే ద్వారపాలకుడి ముఖంతో ఆ కోటకు వెళ్లాడు. తిరిగి రాలేదు. వాడే తొందరపడి ఉంటాడు. నా పనిలో లోపం లేదు. ఈ చేతుల్లో ఎన్నడూ లోపం లేదు.”

ఆమె ఆ మాట చెబుతున్నది యువరాజుకు కాదనిపించింది కువలయకు. చెంప మండుతోంది. అరచెయ్యి కాలి బొబ్బలెక్కింది. పెంకులు ఏరుకుని పెరట్లోకి నడిచింది.

పెరట్లో పంజరం వేలాడుతోంది. కువలయకు మాట తేలిగ్గా వచ్చేది ఆ గోరింక ముందే.

“పింగళా, ఆ రోజు నువ్వేమన్నావు అమ్మతో?”

“ఉన్నదే అన్నాను! సేనాపతి ముఖానికి ముక్కు వంకర అన్నాను.”

“ఎక్కడ అన్నావు?”

“ఎక్కడేమిటి, సామంతులందరూ రహస్యంగా కూడిన సభలో. ఊరికే అంటే నమ్మరని ముక్కు పట్టుకుని అటూ ఇటూ ఊపి చూపించాను. ‘దీనికన్నా గుమ్మడికాయకు కళ్లు పెడితే నయం’ అన్నాను. సభంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. నాకూ భలేగా ఉండింది.”

“ముక్కు నిజంగా వంకరేనా?”

“నా రెక్కల మీద ఒట్టు, వంకరే! అదే గదా నా ఏడుపు. నిజం చెప్పి గింజలు ఏరుకుంటున్నాను.” గోరింక ఒంటికన్నుతో ఆమెను పరకాయించింది. “ఎందుకడుగుతున్నావు? నువ్వేమైనా చూశావా? వద్దే పిల్లా. నోరు మూసుకో. పంజరంలో ఇద్దరికి చోటు లేదు.”

లోపల భల్లణుడు యువరాజుకు కంకవ్వ చీర కడుతున్నాడు. “యువరాజా, కుచ్చిళ్లు అలా కాలితో తన్నకండి, జారిపోతాయి.” ఇంకాసేపటికి యువరాజు రెల్లుదుబ్బుల దగ్గర పుట్టిపడవ ఎక్కుతాడు. కోటలో ఎవరో ఒకరు నవ్విస్తారు. ఉగ్రబాహు కాలికి కట్టు కట్టించుకుని అక్కడే కూర్చుని ఉంటాడు.

చెప్పకపోతే యువరాజు పోతాడు, ఆయన తండ్రీ పోతాడు. చెబితే తాను వెళ్లాలి. వెళ్లకముందే గోరింక అయినా కావచ్చు.

కువలయ కడవ తీసుకుని వెనకగదిలోకి వెళ్లింది. నీలాంబ ఒక్కతే ఉంది, మట్టిచేతులతో. కువలయ తలుపు దగ్గరగా వేసింది.

“నీళ్లు పోయనా అమ్మా?”

“పొయ్యి.”

పోసింది. పోస్తూనే నోరు విప్పింది.

“అమ్మా, కంకవ్వను మా తాత పడవలో దగ్గర్నుంచి చూశాను. ఆ చేతి నరాలు, గడ్డం కింద ముడత, అన్నీ ఆమెవే. ఇందాక యువరాజు తల తిప్పి చూస్తే నాకు చిన్నప్పటి భయం పుట్టుకొచ్చింది.”

“పొగడటానికి భల్లణుడున్నాడు. నీకేం కావాలో అడుగు.”

“పొగడటం లేదమ్మా. చూసింది చెబుతున్నాను. ఇంకొకటి కూడా చూశాను. మీరు వింటానంటే...” అని ఆగింది. అలా అడగటం అబద్ధమనిపించింది. “మీరు వద్దన్నా చెప్పాలి. లేకపోతే యువరాజు తిరిగి రాడు.”

చేతులు కడగడం ఆగిపోయింది. పెరట్లో గోరింక అరుపు కూడా ఆగింది.

“ముక్కా?” అంది నీలాంబ చల్లగా. “కన్నా?”

“నవ్వు. ఊరికే ఉన్నంతసేపు ఆ ముఖం కంకవ్వే. నవ్వితే మాత్రం మీరమ్మా. ఇందాక మీరిద్దరూ ఒక్కసారే నవ్వారు. ఉగ్రబాహు అటు చూసి ఇటు చూడబోయాడు. అందుకే చట్టి వదిలేశాను.”

నీలాంబ చూపు కాలిన అరచేతి మీద పడింది. మరుక్షణం ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. మూలనున్న నాగబెత్తం గాలిలో ఎగిరొచ్చి ఆమె చేతిలో పడింది.

“రాజాధిరాజులకు రూపాలు పోసిన చేతులివి! మొన్న వచ్చి మట్టి పిసికే దానివి, నాకు చెబుతావా?”

బెత్తం కొసన నీలిమంట లేచింది. కువలయ వేళ్ల చివర సూదులు గుచ్చినట్టయింది. చూసుకుంటే గోళ్ల కింద నుంచి బూడిదరంగు ఈకలు మొలుస్తున్నాయి. పారిపోవాలనుంది. కాని పారిపోతే మాట సగంలో ఆగిపోతుంది. ఈకల చేతులతోనే కడవను గట్టిగా పట్టుకుంది.

“మీ చేతుల గురించి కాదమ్మా నేననేది! ఈ గదిలో నవ్వే ముఖం ఒక్కటే ఉంది, ఆ అద్దంలో మీది. మీకు భయపడి మేమెవరం మీ ముందు నవ్వం. మూడు నెలలుగా నేను ఒక్కసారీ నవ్వలేదు. మరి మీరు మాత్రం నవ్వు ఎవర్ని చూసి చేస్తారు? ఇందులో మా పాలూ ఉంది.”

ఈకలు మణికట్టు దాకా వచ్చి ఆగాయి.

నీలాంబ చటుక్కున తిరిగి, బెత్తంతో దగ్గరి గూట్లో ఉన్న మంత్రి ముఖాన్ని తాకింది. “నవ్వు” అంది. మంత్రి నవ్వాడు. గడ్డం లేచింది, కుడి కనుబొమ ఎగిరింది, నవ్వు మధ్యలో తెగింది. పక్కనున్న వర్తకుణ్ని తాకింది. అదే నవ్వు. దొంగ, రాజు, సన్యాసి, పెళ్లికూతురు. బెత్తం వడివడిగా గూళ్లన్నీ తాకింది. నేల నుంచి కప్పు దాకా ముఖాలన్నీ నవ్వాయి, అన్నీ ఆమె నవ్వే. అన్నీ ఒక్కసారిగా తెగిపోయాయి.

బెత్తం చేతిలోంచి జారింది. కువలయ వేళ్ల మీది ఈకలు రాలిపోయాయి.

“అయితే నా సోముడు...” అంది నీలాంబ. గొంతు మంత్రగత్తెది కాదు, ఎవరో ముసలి తల్లిది. “వాడు కూడా దీనివల్లేనా?”

అవునని అనవచ్చు. కాదని అబద్ధమాడవచ్చు. కువలయకు రెండింటికీ నోరు రాలేదు.

“ఆ ముఖం నేను చూడలేదమ్మా. చూడనిదాని గురించి నేనేమీ చెప్పలేను.”

నీలాంబ నేల మీద కూలబడింది. కువలయ ఆమె చేతుల మీద మిగిలిన నీళ్లు పోసి, మట్టి పోయేదాకా కడిగి, తన ఓణీ చెరగుతో తుడిచింది.

“దిద్దితే అది ఎవరికి అంటుకుంటుందో తెలుసా?” అని అడిగింది నీలాంబ.

“తెలుసమ్మా.”

“గట్టిగా పిలిస్తేనే కాళ్లు వణుకుతాయి గదే నీకు.”

“అవునమ్మా. ఇప్పుడూ వణుకుతున్నాయి.”

“కూర్చో. ఆ ముసలిది ఎలా నవ్వుతుందో చూపించు.”

కువలయ చూపించింది. పెదవులు బిగించి, ముక్కుపుటాలు మాత్రం ఆడించి, భుజాలు కుదిపింది. కళ్లు మాత్రం నవ్వకుండా ఎదుటిమనిషినే కనిపెట్టి ఉన్నాయి. పడవ మూలన కూర్చున్న పిల్లను ఎవరూ పట్టించుకోరు కాబట్టి ఆ పిల్ల అందరినీ అలా చూడగలిగేది. నీలాంబ అద్దాన్ని గోడకు తిప్పేసి, ఆమె ముఖాన్నే చూస్తూ పీట మీది కంకవ్వ ముఖానికి మట్టి మెత్తింది.

కబురు విని యువరాజు చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. “ఆడపిల్లను నా బదులు పంపి నేనిక్కడ కూర్చోనా? వీల్లేదు!”

“మీకు ఇక అంటుకోదు యువరాజా. చీర విప్పండి” అంది నీలాంబ.

చీర మార్చుకుని కువలయ గదిలో అటూ ఇటూ నడిచింది. నీలాంబ తల పంకించింది. ఆమె నోట తిట్టు వస్తుందని భల్లణుడు చెవులు మూసుకున్నాడు. తిట్టు రాలేదు.

“వంగడం బాగా కుదిరింది అమ్మడూ. కాని నువ్వు దారి ఇస్తూ నడుస్తున్నావు. కంకవ్వ దారి ఇవ్వదు, అందరూ ఆమెకు దారి ఇస్తారు. గది మధ్యలోంచి నడువు. ఇంకొక్కసారి.”

కువలయ గది మధ్యలోంచి నడిచింది. భల్లణుడు తప్పుకున్నాడు. యువరాజు కూడా తప్పుకున్నాడు.

“అదీ!” అంది నీలాంబ.

ముఖం తొడిగింది. చల్లటి మట్టి చెంపలకు అంటుకుని, చెమ్మగా లోపలికి ఇంకిపోయింది. హేమకేతు ముందుకొచ్చి చేతులు జోడించాడు. ఇన్నాళ్లుగా ఆమె పెట్టిన కూడు తిన్నవాడు అప్పుడు అడిగాడు.

“అమ్మాయీ, నీ పేరేమిటి?”

కువలయకు ఒళ్లు పులకరించింది. చెప్పబోయింది. కాని ముఖం అప్పటికే పట్టేసింది. గరగరమంటూ వచ్చిన గొంతు ఆమెది కాదు.

“నీకెందుకురా?”

యువరాజు ఉలిక్కిపడి వెనక్కి తగ్గాడు.

కాలవ్యవధి లేదు. సరస్సు మీద ఎండ పసుపురంగుకు తిరిగింది. నీలాంబ ఆమెను వీధి తలుపు దాకా తీసుకెళ్లి, గడియ తీసి, వీధి రెండు వైపులా చూసింది. కువలయ మెట్టు దిగింది. వీధిలో ఆడుకుంటున్న పిల్లలు ఆమెను చూసి చెల్లాచెదురయ్యారు. ఎదురింటి కిటికీలు టపటపా మూసుకున్నాయి. అల్లంత దూరంలో కట్టు కట్టిన కాలితో, భటుడి భుజం ఆసరాగా కుంటుకుంటూ ఉగ్రబాహు మళ్లీ ఇటే వస్తున్నాడు.

కువలయ ఒక్క మాట కోసం వెనక్కి తిరిగింది.

నీలాంబ గుమ్మంలోనే ఉంది. వంగి, ఆ ముసలి ముఖంలోకి చూసింది. ఒక కంట్లోకి చూసింది, రెండో కంట్లోకి చూసింది. మట్టి పిసికిన పిల్ల, నీళ్లు పోసిన పిల్ల ఎక్కడైనా కనబడుతుందేమోనని రెప్ప వెయ్యకుండా వెతికింది. ‘నేనేనమ్మా’ అనాలనుకుంది కువలయ. పెదవులు బిగుసుకున్నాయి, ముక్కుపుటాలు ఆడాయి, భుజాలు కదిలాయి.

నీలాంబ చూపులో వెతుకులాట ఆరిపోయింది. చేతులు జోడించి, తల వంచి, కరాళుడి దాదికి ఊరంతా పెట్టే దణ్ణమే పెట్టింది. ఒక అడుగు వెనక్కి వేసి, తలుపు మూసి గడియ పెట్టుకుంది.